పియానో చక్రాల కింద నిమ్మకాయలు

ఈమధ్య ఒక అమ్మాయి ఫోన్ చేసింది. బళ్ళారిలో కొత్తగా పెట్టిన బడిలో పియానో టీచరుగా చేరిందట. "మేడం, మీరు ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఇదే పని చేశారు కదా, నాకేమైనా చెప్పండి" అంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆ పిల్ల "మేడం, పోనీ రాసి పంపిస్తారా?" అంది. నా గొంతు అంత పెద్దదై ఉంటుంది. సరే, రాస్తున్నాను.

నా ఉద్యోగం ఎప్పుడు పర్మినెంటు అయింది, ఎవరు శాలువా కప్పారు, ఇవన్నీ నీకు అక్కర్లేదు. మా నాయన కాన్వెంటు బడిలో తోటపని చేసేవాడు. అక్కడి సిస్టర్ ఒకావిడ నన్ను పియానో ముందు కూర్చోబెట్టింది. తర్వాత అదే బడిలో టీచరునయ్యాను, రిటైరయ్యాను, ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు ఇళ్ళకు వెళ్ళి చెప్పాను. ఇప్పుడు వేళ్ళ కణుపులు వాచి పూర్తిగా మానేశాను. నా కథ ఇంతే. అసలు కథ వేరే ఉంది.

వాద్యం

బళ్ళారి ఎండకు మనుషులమే తట్టుకోలేం, చెక్క ఎలా తట్టుకుంటుంది? పియానో అంటే లోపల అంతా చెక్క, ఉన్ని, తీగలు. ఎండలు ముదిరేసరికి చెక్క బిగదీసుకుపోతుంది, తీగలు శ్రుతి తప్పుతాయి. శ్రుతి చేసే మనిషి బెంగుళూరు నుంచి రావాలి. వస్తానన్న రోజు రాడు. వచ్చిన రోజు బడికి ఏదో ఒక సెలవు, గది తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు.

ఇక దుమ్ము. సండూరు వైపు నుంచి ఇనుప ఖనిజం లారీలు జోరుగా తిరిగిన రోజుల్లో పియానో తెల్ల మెట్లు, అంటే వేళ్ళతో నొక్కే కీలు, పొద్దున తుడిస్తే సాయంత్రానికి ఇటుక రంగుకు తిరిగేవి. దుమ్ముకు తోడు ఎలుకలు. పియానో లోపలి ఉన్ని అంటే వాటికి పంచప్రాణాలు. ఒకసారి దసరా సెలవుల తర్వాత మూత తీస్తే ఒక ఎలుక సంసారం మొత్తం నా వైపు చూసింది. ప్రిన్సిపాల్‌కు చెబితే "పిల్లిని తెప్పించండి" అంది. పిల్లి జీతం ఎవరిస్తారని అడిగాను. ఆవిడకు కోపం వచ్చింది.

ఎండాకాలంలో పియానో కింది పలక తీసి లోపల ఒక గిన్నెలో నీళ్ళు పెట్టాలి. ఆ తేమకు చెక్క పగలకుండా ఉంటుంది. సిస్టర్ నాకు చెప్పింది, నేను నా పిల్లలందరి ఇళ్ళలో చెప్పాను. నువ్వూ చెప్పు. చెప్పేటప్పుడు "గిన్నెలో" అన్న మాట మాత్రం గట్టిగా చెప్పు.

ఆ సంగీతం

నీకు తెలిసిందే అయినా ఇంట్లోవాళ్ళకు చెప్పాల్సి వస్తుంది కాబట్టి రాస్తున్నాను. రొమాంటిక్ కాలపు సంగీతం అంటే ప్రేమ పాటలు కావు. రెండు వందల ఏళ్ళ కిందట, అటూ ఇటుగా, యూరప్‌లో పుట్టిన పియానో సంగీతం. మనసులో ఉన్నది మొహమాటం లేకుండా బయట పెట్టడం దాని పని. అది వినడానికి ఎంత సుఖమో నేర్పడానికి అంత నరకం.

అది రాసినవాళ్ళకు చేతులు ఎంతెంత ఉండేవో గానీ, మన పిల్లల ఎడమ చెయ్యి చాపితే ఆ స్వరాలు అందవు. ఆ చెయ్యి అటు చివరి నుంచి ఇటు దూకాలి, దూకినట్టు వినపడకూడదు. పైన కుడిచెయ్యి పాడాలి, కింద ఎడమచెయ్యి గుసగుసలాడాలి. మన పిల్లలకు రెండు చేతులూ సమానమే. రెండింటితోనూ బాదుతారు.

ఇంకా ఉంది. కుడిచేతిలో మూడు స్వరాలు పడే కాలంలో ఎడమచేతిలో రెండు పడాలి. మన దగ్గరికి వచ్చే పిల్లలు చాలామంది అంతకుముందు కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళు, తొడ మీద తాళం వేసుకునే అలవాటు. ఇక్కడ రెండు చేతులూ పనిలో ఉంటాయి కదా, అందుకని కాలితో వేస్తారు. ఆ కాలు ఎక్కడుంటుంది? స్వరాన్ని సాగదీసే పెడల్ మీద. తాళం పడినప్పుడల్లా పెడల్ దిగుతుంది, స్వరాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసి సంకటి అయిపోతాయి. "కాలు తియ్, కాలు తియ్" అని అరిచి అరిచి నా గొంతు పోయింది. ఈ తప్పు ఏ పుస్తకంలోనూ ఉండదు. మన ఊళ్ళలోనే ఉంటుంది. నువ్వు మొదటి రోజే చూసుకో.

అన్నిటికంటే కష్టం ఆగడం. ఈ సంగీతంలో ఒక చోట కాస్త నిలబడాలి, తర్వాత కాస్త తొందరపడి ఆ కాలాన్ని పూడ్చుకోవాలి. ఎంత నిలబడాలో కాగితం మీద ఉండదు. ఎవరికి వారు లోపల తేల్చుకోవాలి.

"ఎంతసేపు ఆగల్ల మేడం? ఒకటా, ఒకటిన్నరా?"

"నీ ఇష్టం."

"నా ఇష్టమంటే ఎంత మేడం?"

ఈ మాటలు నేను ఎందరు పిల్లలతో మాట్లాడానో లెక్కలేదు. తలుపు వేసుకుని వెళ్ళిపోవాలనిపించిన రోజులున్నాయి.

మరి ఎందుకు నేర్పాలి అంటావా? ఒక రోజు వస్తుంది. ఎన్నో నెలల కుస్తీ తర్వాత ఒక సాయంత్రం ఆ పిల్ల ఎడమచెయ్యి దానంతటది తగ్గుతుంది. కుడిచెయ్యి పాట ఎత్తుకుంటుంది. గదిలో గాలి మారుతుంది. ఆ పిల్లకు ఏం జరిగిందో తెలియదు, మనకు తెలుస్తుంది. నా చిన్నప్పుడు నాకే అలా జరిగినప్పుడు పియానో మీద తల పెట్టుకుని ఏడ్చాను. సిస్టర్ లేచి కిటికీ వేసింది అంతే. ఆ సుఖం ఒకసారి తగిలితే ఈ పని వదల్లేం. వదలాలని చాలాసార్లు అనుకున్నాను గానీ.

బడి

ప్రిన్సిపాళ్ళ గురించి ఒక్క మాట. వాళ్ళకు పియానో కావాలి, సంగీతం అక్కర్లేదు. ప్రవేశాల కాగితం మీద పియానో బొమ్మ వేస్తే తల్లిదండ్రులు వస్తారు. వార్షికోత్సవం నాడు నా పిల్లొకతి నెమ్మదైన నాక్టర్న్ వాయిస్తుంటే, అంటే రాత్రి వేళను తలపించే పాట, మా ప్రిన్సిపాల్ మధ్యలో నా చెవి దగ్గరికి వచ్చి "మైకు పని చేయడం లేదా?" అంది. పని చేస్తోంది, పాటే మెల్లగా ఉందన్నాను. "అయితే కొంచెం గట్టి పాట పెట్టుకోవాల్సింది" అంది. మంత్రిగారి అల్లుడు ముందు వరసలో ఫోన్ మాట్లాడుతున్నాడు, ఆయన మాటలు మాకందరికీ వినపడుతున్నాయి. వీళ్ళతో పోట్లాడొద్దు. పోట్లాడితే గది తీసుకుని కంప్యూటర్లు పెడతారు.

భార్గవి

నా చివరి విద్యార్థి భార్గవి. బళ్ళారి పక్కన కురుగోడు పిల్ల. వాళ్ళ నాయన తిప్పారెడ్డికి కాలువ కింద భూమి ఉంది, పైగా లారీలు ఉన్నాయి. కూతురు బడిలో పియానో బాగా వాయిస్తుందని ఎవరో అంటే బెంగుళూరులో ఒక పాత పియానో కొని, తన లారీ మీదే వేసుకొచ్చి హాల్లో పెట్టించాడు. గోడకు ఆనించి పెట్టే రకం, కింద నాలుగు ఇత్తడి చక్రాలు. దాని మీద పట్టుగుడ్డ, గుడ్డ మీద దేవుడి పటం, పటం పక్కన టీవీ రిమోటు. రిమోటు తీయించడానికే నాకు ఒక నెల పట్టింది.

పిల్లకు వేళ్ళున్నాయి, చెవి ఉంది. మనసులోది బయట పెట్టమంటే మాత్రం బిగుసుకుపోయేది. ఆ ఇంట్లో అందరూ అంతే. భోజనం దగ్గర కూడా ఎవరూ ఎవరితో పెద్దగా మాట్లాడరు. సంగీతమే చదువుకుంటానని ఆ పిల్ల చెప్పింది కూడా నాకే, నాయనకు కాదు. నేనే వెళ్ళి ఆయనతో మాట్లాడాను.

"ఏమప్పా, పాపను బెంగుళూరు సంగీతం కాలేజీకి పంపిస్తే ఏమి?"

తిప్పారెడ్డి చాలాసేపు మీసం సవరించుకున్నాడు. "టీచరమ్మా, నాకు ఆ సంగీతం తెలీదు. మా పాప వాయిస్తాంటే వింటానే ఉండా. వాయించిందే వాయిస్తాండాది. ఆ ముక్క తప్ప ఇంగొకటి రాదా అని మా అమ్మ అడుగుతాది. దాంట్లో ఏముండాదో నాకు అర్థం కావడంల్యా. ఆ విదేశం పరీక్ష ఉండాదంట కదా, అది పాసైతే పంపిస్తా. ఫెయిలైతే సుమ్నె గమ్మున లారీ ఆఫీసులో కూసుంటాది, డీజిల్ లెక్కలు చూసుకోనీ."

విదేశం వాళ్ళు బెంగుళూరు వచ్చి పెట్టే పియానో పరీక్ష అది. అలా తేలింది. పాసైతే బెంగుళూరు, ఫెయిలైతే డీజిల్. భార్గవి నా వెనక నిలబడి వింటోంది, ముఖంలో ఏమీ లేదు. ఆ రోజు నుంచి ఏడాదికి పైగా మేం ఒక నాక్టర్న్ మీద పడ్డాం. వారాల తరబడి ఎడమచెయ్యి ఒక్కటే. తర్వాత కుడిచెయ్యి ఒక్కటే. తర్వాత ఒక్కో ముక్క. ఇంటి దగ్గర మొత్తం పాట వాయించొద్దు, తప్పులు చేతికి అలవాటైపోతాయి అని చెప్పాను. అందరం అలాగే నేర్పుతాం. మొత్తం పాట వాయించేది బళ్ళారిలో నా దగ్గరికి వచ్చినప్పుడే, నా ఎలక్ట్రిక్ కీబోర్డు మీద, అదీ కరెంటు ఉంటే.

పండగ నాడు

పరీక్ష దసరా అయిపోగానే. ఆయుధ పూజ నాడు మధ్యాహ్నం భార్గవి ఫోన్ చేసింది. "మేడం, రాండి" అంది. ఫోన్ పెట్టేసింది. నేను బస్సెక్కి కురుగోడు పోయాను.

వాకిట్లో లారీలన్నీ కడిగి బంతిపూల మాలలు వేసి ఉన్నాయి. ట్రాక్టరుకు అరటి పిలకలు కట్టారు. పగలగొట్టిన బూడిద గుమ్మడికాయలు కుంకుమతో ఎర్రగా పడి ఉన్నాయి. హాల్లోకి వెళ్ళాను. పియానోకు కూడా బంతిపూల మాల ఉంది. తెల్ల మెట్లకు ఒకటి విడిచి ఒకటి పసుపు, కుంకుమ బొట్లు. నేల మీద తడి ఇంకా ఆరలేదు. నాలుగు చక్రాల దగ్గరా నలిగిన నిమ్మకాయలు.

లారీ ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బండిని ముందుకు తోలడం మనందరం చూసిందే. దీనికీ చక్రాలున్నాయి. డ్రైవర్లు నలుగురు పట్టి ముందుకు తోశారు. ఒక చక్రం విరిగి పియానో ఒక పక్కకు ఒరిగింది. పెడల్ కడ్డీ లోపల ఊడిపోయింది. అంతకుముందే పైమూత తీసి లోపలంతా నీళ్ళతో కడిగారు. ఒక మెట్టు నొక్కితే దిగి అక్కడే ఉండిపోయింది. ఇంకోటి నొక్కితే దిగనే లేదు.

నేను తిప్పారెడ్డి మీద ఎలా అరిచానో నాకే గుర్తులేదు.

"బుద్ధుండల్ల కదప్పా! చెక్క మీద, ఉన్ని మీద ఎవరన్నా నీళ్ళు పోస్తారా?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఎండకు పగులుతాది, లోపల నీళ్ళు పెట్టమని మీరే చెప్తిరి కదా టీచరమ్మా!"

"గిన్నెలో! గిన్నెలో పెట్టమన్నా!"

"గిన్నెడు నీళ్ళకే అంత మంచిదైతే, ఇంగ బాగా కడిగితే ఇంగా మంచిదే కదా అనుకున్న్యా."

అప్పుడు తలుపు దగ్గర కూర్చున్న భార్గవి అవ్వ, తిప్పారెడ్డి తల్లి, మెల్లగా అంది: "నేనే చేయమంటి తల్లీ. ఇంట్లో అందరి పనిముట్లకూ పూజ చేస్తిమి. లారీకి చేస్తిమి, మోటరుకు చేస్తిమి, కొడవండ్లకు చేస్తిమి. పాప పనిముట్టు ఇదొకటే కదా. దీన్ని ఇడిసిపెడితే ఎట్ల?"

ఆ ఇంట్లో అన్నాళ్ళూ అది టీవీ రిమోటు పెట్టుకునే బల్ల. ఆ పండగ నాడు మొదటిసారి ఎవరో దాన్ని ఆ పిల్ల పనిముట్టు అన్నారు. అన్న రోజే దాన్ని చంపారు. నేను ఎవరిని తిట్టాలి? ముసలమ్మ పక్కన కూలబడ్డాను.

అప్పుడు భార్గవి అరిచింది. అంతవరకూ నాయన ముందు నోరెత్తని పిల్ల. "నాకు చెప్పల్ల కదా నాయినా! ఒక్క మాట అడగల్ల కదా! నేను యాడికి పోయింటి, లోపలే ఉంటి కదా! నాకు ఇదొకటే ఉండాది, నీకు తెలుసునా?" తిప్పారెడ్డి తలొంచుకుని నిలబడ్డాడు. ఆ పిల్ల పియానో దగ్గరికి పోయి, ఒరిగిన దాని ముందు నిలబడే ఆ నాక్టర్న్ మొదలుపెట్టింది. సగం మెట్లు పలకలేదు, పెడల్ లేదు. పలికిన స్వరాలు మాత్రం ఏడుస్తున్నాయి. ఏడాది పాటు నేను గొంతు చించుకుని అడిగింది అదే. అప్పటికి వచ్చింది, పియానో పోయాక. నాకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు.

బెంగుళూరు

పరీక్షకు మిగిలిన రోజులు కొన్నే. బడిలో పియానో ఉంది. ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేశాను. సెలవుల్లో గది తెరవడానికి కమిటీ అనుమతి కావాలంది. కమిటీ యాత్రకు పోయింది. శ్రుతి చేసే మనిషికి చెబితే పియానోలో నిమ్మకాయలేమిటని ఒకటే నవ్వు. చివరికి నా కీబోర్డే గతి. దాని మెట్లు మెత్తన, వేళ్ళకు బలం చాలదు. భార్గవి రోజూ బస్సులో వచ్చింది. కరెంటు పోయినప్పుడు భోజనం బల్ల మీద వేళ్ళు ఆడించింది. పరీక్షలో పాట ఒక్కటే కాదు కదా, స్వరావళులు అడుగుతారు, అప్పటికప్పుడు కొత్త కాగితం ఇచ్చి వాయించమంటారు. అవి సాధన చేయడానికి టైము లేదు.

తిప్పారెడ్డి తనే కారు తోలుకుంటూ మమ్మల్ని బెంగుళూరు తీసుకుపోయాడు. భార్గవిని లోపలికి పిలిచాక మేమిద్దరం వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. తలుపు పలచనిది, అంతా వినపడుతోంది. స్వరావళుల్లో తడబడింది. కొత్త కాగితం దగ్గర పూర్తిగా ఆగిపోయింది. నేను కళ్ళు మూసుకున్నాను. తిప్పారెడ్డి ఫోన్ చూసుకుంటున్నాడు.

తర్వాత నాక్టర్న్ మొదలైంది. మంచి పియానో, మంచి శ్రుతి. ఎడమచెయ్యి ఎక్కడో దూరంగా కదులుతోంది, పైన పాట నడుస్తోంది. నడుమ ఒక చోట ఆగింది. ఎంత ఆగాలో అంత ఆగింది, ఎవర్నీ అడగలేదు. కళ్ళు తెరిచి చూస్తే తిప్పారెడ్డి లేచి నిలబడి ఉన్నాడు. ఫోన్ బెంచీ మీద ఉంది.

"లోపల వాయించేది ఎవరు టీచరమ్మా?"

"ఎవరేంది? మన భార్గవే."

"కాదు. ఇది నేనెప్పుడూ ఇన్లేదే."

"రోజూ మీ ఇంట్లో వాయించేది ఇదే కదప్పా."

ఆయన తలుపు దగ్గరికి పోయి చెవి పెట్టాడు. "ఆ ముక్కలు... ఇదిగో ఈ ముక్క ఇన్న్యా. ఇంతకుముందు వచ్చిందీ ఇన్న్యా. అవన్నీ కలిపితే ఇట్ల ఉంటాదా?" కాసేపటికి నా వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కోపం కూడా ఉంది. "ఇంటికాడ ఒక్క దినమన్నా మొత్తం వాయించుంటే నేను దాని మీద నీళ్ళు పోయనిస్తునా?"

అందుకే నీకు చెబుతున్నాను. ముక్కలుగానే నేర్పు, తప్పదు. కానీ నెలకొకసారి ఇంట్లోవాళ్ళందర్నీ కూర్చోబెట్టి, టీవీ ఆపించి, పిల్ల చేత ఏదో ఒక పాట మొదటి నుంచి చివరి దాకా వాయింపించు. తప్పులుంటే ఉండనీ. ఆ ఇళ్ళలో వినేవాళ్ళు వాళ్ళే, మనం కాదు.

మార్కులు

కొన్ని వారాలకు ఫలితం వచ్చింది. పాటకు మంచి మార్కులు. మిగతావాటికి చాలా తక్కువ. మొత్తం మీద ఫెయిలు.

చెప్పడానికి నేనే కురుగోడు పోయాను, ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక. తిప్పారెడ్డి వాకిట్లో లారీ డ్రైవర్‌తో మాట్లాడుతున్నాడు. భార్గవి గడప దగ్గర నిలబడింది, నా ముఖం చూడగానే తెలిసిపోయినట్టుంది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కాలేజీ వాళ్ళు ఈ పరీక్ష ఒక్కటే చూడరు, వాళ్ళు విడిగా వింటారు, ఇంకొక అవకాశం ఇవ్వండి అని అడగడానికి దారి పొడుగునా మాటలు కూడబెట్టుకుని వచ్చాను. నోరు తెరిచాను.

ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఫెయిలని చెప్పింది ఎవరు?"

"పరీక్ష పెట్టినాయనప్పా."

"ఆయప్ప ఎంతసేపు ఇన్న్యాడు?"

"పాటంతా విన్నాడు."

"నేనూ ఇన్న్యా కదా" అన్నాడు తిప్పారెడ్డి. డ్రైవర్ వైపు తిరిగాడు. "ఒరేయ్, సోమవారం బెంగుళూరు లోడు ఎవరికీ ఒప్పుకోవద్దు. పాప సామాన్లు ఉండాయి."